తలుపు తాళాలకి, ఫైర్ అలారానికి కరెంటు ఎలా ఇవ్వాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

నేనుండేది ఒడిశాలోని బరంపురం. ఇటు పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, అటు జయపురం దాకా నర్సింగ్ హోములు, లాడ్జీలు, నగల షాపులు, హాస్టళ్లలో కార్డు పెట్టి తెరిచే తలుపులు, ఫైర్ అలారాలు బిగించే పని మాది. మన తెలుగువాళ్లు ఫోన్లో, వాట్సాప్‌లో పదే పదే అడిగేవి ఇక్కడ ఒకచోట రాస్తున్నాను. ఏ కంపెనీ రీడరు కొనాలి, వేలిముద్ర మంచిదా ముఖం చూసేది మంచిదా అనే అడుగుతారు ఎక్కువమంది. కానీ అగ్గి అంటుకున్న రోజు ఆ తలుపు తెరుచుకుంటుందా లేదా అన్నది రీడరు చేతిలో ఉండదు, దాని వెనక కరెంటు ఎలా పంచారన్న దాని మీద ఉంటుంది. అందుకే ఇక్కడ అంతా దాని గురించే.

కరెంటు పోతే తలుపు తెరుచుకుంటుందా, మూసుకుపోతుందా?

మీరు పెట్టించిన తాళాన్ని బట్టి. మ్యాగ్నెట్ లాక్ అయితే కరెంటు ఉన్నంతసేపే పట్టుకుంటుంది, పోగానే వదిలేస్తుంది. దీన్ని ఫెయిల్ సేఫ్ అంటారు. చౌకట్టులో బిగించే ఎలక్ట్రిక్ స్ట్రైక్ చాలావరకు దీనికి ఉల్టా, కరెంటు ఇస్తేనే తెరుచుకుంటుంది, లేకపోతే బయటినుంచి మూసే ఉంటుంది. అది ఫెయిల్ సెక్యూర్. సర్వర్ రూముకి, మందుల స్టోరుకి రెండోది పెట్టుకోవచ్చు, కానీ లోపలివైపు చేతితో తిప్పే హ్యాండిల్ తప్పకుండా ఉండాలి. లోపల ఉన్న మనిషి కార్డు వెతుక్కోకుండా, ఎవర్నీ పిలవకుండా, చీకట్లో అయినా బయటికి రాగలగాలి. జాతీయ భవన నిర్మాణ స్మృతి 2016 నాలుగో భాగం కూడా చెప్పేది అదే, బయటికి దారితీసే తలుపు లోపలినుంచి తాళంచెవి లేకుండా తెరుచుకోవాలి.

కరెంటు పోగానే తెరుచుకుంటే మరి దొంగల సంగతేంటి? ఫ్యూజు పీకి లోపలికి వచ్చేస్తారు కదా?

నగల షాపులవాళ్లందరూ అడిగేది ఇదే, న్యాయమైన భయమే. దీనికి రెండు జవాబులు. కరెంటు పోయినా బ్యాటరీ మీద కొన్ని గంటలు లాక్ పట్టుకుంటుంది, కాబట్టి మీటరు దగ్గర ఫ్యూజు పీకినంత మాత్రాన తలుపు తెరుచుకోదు. రెండోది, మ్యాగ్నెట్ లాక్ పగలు మనుషులు తిరిగే వేళకి. రాత్రి అందరూ వెళ్లిపోయాక షట్టరు దించి మామూలు తాళం వేయాల్సిందే.

2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా గజపతి జిల్లాలో కరెంటు ఎన్ని రోజులు లేదో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. 2013లో ఫైలిన్ అప్పుడు బరంపురం పరిస్థితీ అంతే. ఏ బ్యాటరీ అన్ని రోజులు నిలబడదు. తుపాను హెచ్చరిక వచ్చిందంటే ముందు మామూలు తాళాలు సిద్ధం చేసుకోండి. ఇంకొక మాట, దొంగల భయంతో అత్యవసర ద్వారానికి బయట గొలుసు కట్టి తాళం వేసేవాళ్లు ఉన్నారు. లోపల ఒక్క మనిషి ఉన్నా అలా చేయొద్దు. 1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ సినిమా హాల్లో బాల్కనీలోంచి బయటికి దారి లేక, పొగ పీల్చి, మొత్తం 59 మంది పోయారు. అక్కడ మంట మొదలైంది కింద ట్రాన్స్‌ఫార్మర్‌లో.

ఫైర్ అలారం మోగగానే తలుపులు వాటంతట అవే తెరుచుకోవాలంటే ఎలా కలపాలి?

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే, అన్నిటికంటే తక్కువమంది అడిగేదీ ఇదే. ఫైర్ ప్యానెల్‌లో, అంటే అలారాలన్నీ కలిసే పెట్టెలో, ఒక రిలే ఉంటుంది, కరెంటుతో దానంతట అదే మారే స్విచ్చు. అలారం వచ్చినప్పుడు అది మారుతుంది. ఆ రిలే ద్వారా లాక్‌లకి వెళ్లే డీసీ కరెంటు తెగిపోవాలి. మామూలు రోజుల్లో ఆ లింకు కలిసి ఉండాలి, అలారం వచ్చినా, మధ్యలో వైరు తెగినా, ఎలుక కొరికినా, లింకు విడిపోయి తలుపు తెరుచుకోవాలి. దీన్ని తిప్పి కలిపారంటే, అంటే అలారం వచ్చినప్పుడు లింకు కలిసేలా పెట్టారంటే, వైరు తెగిన సంగతి ఎవరికీ తెలియదు, అగ్గి వచ్చిన రోజే తెలుస్తుంది.

నేను చూసిన తప్పులు రెండు చెప్తాను. ఒక హాస్టల్లో ఫైర్ ప్యానెల్ వైరు తెచ్చి యాక్సెస్ కంట్రోలర్ (కార్డు చూసి తలుపు తెరిచే పెట్టె) ఇన్‌పుట్‌లో పెట్టి, అలారం వస్తే అన్ని తలుపులూ తెరువు అని సాఫ్ట్‌వేర్‌లో రాసుకున్నారు. మేం టెస్టు చేసిన రోజు ఆ కంట్రోలర్ హ్యాంగ్ అయి ఉంది. హూటర్ మోగుతూనే ఉంది, తలుపు మాత్రం కదల్లేదు. ఆ రోజు లోపల పిల్లలు లేరు. సాఫ్ట్‌వేర్‌లో రాసుకోవడం తప్పు కాదు, అది అదనంగా ఉండొచ్చు, కానీ అసలు పని తీగ తెగడం ద్వారా జరగాలి.

రెండోది ఇంకా మోసపూరితంగా ఉంటుంది. రిలేని 230 వోల్టుల వైపు, అంటే పవర్ సప్లైకి వచ్చే మెయిన్ కరెంటు మీద పెడతారు. అలారం వచ్చింది, మెయిన్ తెగింది, అంతా బాగానే ఉందనిపిస్తుంది, కానీ పవర్ సప్లై లోపల ఉన్న బ్యాటరీ వెంటనే అందుకుని లాక్‌ని హాయిగా పట్టుకునే ఉంటుంది. తెంచాల్సింది బ్యాటరీ తర్వాత, లాక్‌కి వెళ్లే డీసీ లైను. బ్యాటరీ కలిపి ఉంచి టెస్టు చేస్తేనే ఈ తప్పు దొరుకుతుంది. చాలామంది టెస్టు చేసేటప్పటికి బ్యాటరీ ఇంకా పెట్టి ఉండరు.

తలుపు పక్కన ఆకుపచ్చ డబ్బా ఎందుకు? ఎర్రది ఉంది కదా?

ఎర్రది నొక్కితే అలారం మోగుతుంది. ఆకుపచ్చది నొక్కితే ఆ ఒక్క తలుపు లాక్‌కి కరెంటు తెగుతుంది. ఇది కంట్రోలర్‌కి కాదు, నేరుగా లాక్ లైనులోనే వేయాలి. డబుల్ పోల్‌ది, అంటే ఒకే నొక్కుకి రెండు స్విచ్చులు మారేది, కొంటే ఒక పోల్ లాక్‌ని తెంచుతుంది, రెండోది గార్డు దగ్గర బజర్ మోగిస్తుంది, ఊరికే నొక్కి వెళ్లిపోయేవాళ్లు కూడా దొరుకుతారు. గోడ మీది తెల్ల ఎగ్జిట్ బటన్ ఉంది కదా, ఇది దండగ అని మానేయొద్దు. ఆ బటన్ చాలాచోట్ల కంట్రోలర్ ద్వారానే పనిచేస్తుంది.

పవర్ డిస్ట్రిబ్యూషన్ బోర్డు అంటే ఏంటి? నాలుగు తలుపులకి ఒక అడాప్టర్ సరిపోదా?

నడిచినన్ని రోజులు నడుస్తుంది. ఒక నర్సింగ్ హోములో ఎవరో అలాగే పెట్టారు, నాలుగు తలుపులకీ ఒకే సప్లై, మధ్యలో ఫ్యూజుల్లేవు. వర్షాకాలంలో వెనక తలుపు బందు పక్కన వైరు ఒరుసుకుని ఒరుసుకుని షార్ట్ అయింది. ఆ ఒక్క తలుపుతో పాటు ఐసీయూ తలుపు, మందుల గది, రిసెప్షన్, అన్నీ ఒకేసారి పోయాయి. ఏ తలుపు దగ్గర తప్పుందో తెలుసుకోవడానికి మాకు సగం రోజు పట్టింది.

డిస్ట్రిబ్యూషన్ బోర్డు చేసేది ఇదే. ఒక పెద్ద పవర్ సప్లై నుంచి 12 లేదా 24 వోల్టులు తీసుకుని, నాలుగో ఎనిమిదో అవుట్‌పుట్లుగా విడగొట్టి, ఒక్కోదానికి విడిగా ఫ్యూజు ఇస్తుంది. ఒక తలుపు షార్ట్ అయితే దాని ఫ్యూజే పోతుంది, మిగతావి నడుస్తాయి, ఏ లైటు ఆరిందో చూస్తే చాలు తప్పు ఎక్కడో తెలిసిపోతుంది. మంచి బోర్డుల్లో ప్రతి అవుట్‌పుట్‌కి చిన్న జంపర్, అంటే పెట్టి తీసే క్లిప్పు, ఉంటుంది, ఫైర్ అలారం వస్తే ఇది తెగాలా వద్దా అని. మెట్లదారి తలుపు మ్యాగ్నెట్ తెగాలి, కెమెరాకి, రీడరుకి ఇచ్చినది తెగక్కర్లేదు. నేను మొదట చెప్పిన ఫైర్ రిలే వచ్చి కలిసేది కూడా ఈ బోర్డు మీదే.

ఫ్యూజుల్లో గాజువి ఉంటాయి, వేడెక్కి తెంచి, షార్ట్ పోయి చల్లారాక మళ్లీ వాటంతట అవే కలిసే పీటీసీవి ఉంటాయి. గుణుపురం, రాయగడలో ఫ్యూజు మార్చడానికి మనిషి వెళ్లడానికే ఒక పూట పడుతుంది కాబట్టి నేను పీటీసీవే పెడతాను.

12 వోల్టులా, 24 వోల్టులా?

దూరం ఎక్కువైతే 24. 280 కిలోల పట్టు ఉన్న మ్యాగ్నెట్ లాక్ 12 వోల్టుల మీద సుమారు అర ఆంపియర్ తీసుకుంటుంది, 24 మీద అందులో సగం. కరెంటు సగమైతే వైరులో పోయే వోల్టేజీ కూడా సగమవుతుంది.

లెక్క చూడండి. 1 స్క్వేర్ ఎంఎం రాగి వైరు కిలోమీటరుకి సుమారు 18 ఓమ్‌లు. తలుపు 40 మీటర్ల దూరంలో ఉంటే వెళ్లి రావడానికి 80 మీటర్లు, అంటే దాదాపు ఒకటిన్నర ఓమ్, అర ఆంపియర్‌కి ముప్పావు వోల్టు పోతుంది. ఫర్వాలేదు. అదే పనిని మిగిలిన నెట్‌వర్క్ కేబుల్‌లోని ఒక జతతో కానిచ్చేస్తారు చాలామంది. సన్నటి క్యాట్ 5 తీగ కిలోమీటరుకి 84 ఓమ్‌ల దాకా ఉంటుంది, అదే 80 మీటర్లకి దాదాపు 7 ఓమ్‌లు. లాక్ దగ్గర 12కి బదులు 9 వోల్టుల చిల్లర మిగులుతుంది. మ్యాగ్నెట్ పట్టుకున్నట్టే కనిపిస్తుంది, గట్టిగా భుజంతో నెడితే వచ్చేస్తుంది. లాక్ డూప్లికేట్‌దని షాపువాడిని తిట్టేముందు, లాక్ కలిపి ఉండగానే దాని చివర్ల దగ్గర మీటరు పెట్టి చూడండి. లాక్ విప్పేసి కొలిస్తే 12 వోల్టులే చూపిస్తుంది, మోసపోతారు.

బ్యాటరీ ఎంతది పెట్టాలి?

తలుపుకి: లాక్ 0.5, రీడరు 0.1, కంట్రోలర్ 0.15 ఆంపియర్ అనుకుంటే మొత్తం 0.75. 7 ఏహెచ్ (ఆంపియర్ అవర్, అంటే ఆంపియర్లు గంటలతో గుణిస్తే వచ్చేది) బ్యాటరీ కాగితం మీద తొమ్మిది గంటల పైన రావాలి. కొత్తదైతే ఎనిమిది దాకా వస్తుందేమో, రెండేళ్ల తర్వాత అంత రాదు, ఆరు గంటలు అనుకుని లెక్క వేసుకోండి.

ఫైర్ ప్యానెల్ లెక్క వేరు. అది కరెంటు లేకుండా 24 గంటలు కాపలా కాసి, ఆ తర్వాత కూడా అరగంట హూటర్లు మోగించగలగాలి అన్నది మేం పాటించే కొలత. ఊరికే ఉన్నప్పుడు 0.2 ఆంపియర్ తీసుకునే చిన్న ప్యానెల్‌కి 24 గంటలకి 4.8 ఏహెచ్. అలారంలో 1.5 ఆంపియర్ అయితే అరగంటకి 0.75. కలిపితే 5.55. బ్యాటరీ పాతబడుతుంది కాబట్టి పావు వంతు కలుపుకుంటే 6.9, అంటే 7 ఏహెచ్. ప్యానెల్ 24 వోల్టులది కాబట్టి 12 వోల్టుల 7 ఏహెచ్‌వి రెండు, సిరీస్‌లో, అంటే ఒకదాని ప్లస్ ఇంకోదాని మైనస్‌కి కలిపి. రెండూ ఒకే కంపెనీవి, ఒకే రోజు కొన్నవి కావాలి. ఒకటి పోతే ఒకటే మారుస్తాం అంటే పాతది కొత్తదాన్ని కూడా పాడుచేస్తుంది. తర్వాత ఎవరైనా పది హూటర్లు అదనంగా పెట్టిస్తే ఈ లెక్క మళ్లీ మొదటినుంచి వేయాలి, ఇది మాత్రం దాదాపు ఎవరూ చేయరు.

వేడి సంగతి కూడా. ఈ సీల్డ్ బ్యాటరీల ఆయుష్షు 25 డిగ్రీల దగ్గర లెక్క వేసింది, ఆపైన ప్రతి 10 డిగ్రీలకి సుమారు సగమైపోతుంది. లిఫ్టు గది పక్కన, రేకుల కప్పు కింద పెట్టి ఐదేళ్లు రావాలంటే రాదు. కింది అంతస్తులో, గాలి తగిలే చోట పెట్టండి.

ఇంటికో షాపుకో ఇన్వర్టర్ ఉంది, అది చాలదా?

తలుపు మట్టుకు కొంతవరకు నడుస్తుంది. కానీ మెయిన్ నుంచి ఇన్వర్టర్‌కి మారే ఆ చిన్న క్షణంలో కొన్ని కంట్రోలర్లు రీస్టార్ట్ అవుతాయి, తలుపు టక్‌మని వదిలేస్తుంది. ఇన్వర్టర్ మీద ఫ్యాన్లు, టీవీ, ఫ్రిజ్ కూడా ఉంటే సాయంత్రానికి చార్జింగ్ అయిపోతుంది. ఫైర్ ప్యానెల్‌ని మాత్రం ఇన్వర్టర్‌ని నమ్మి వదలొద్దు, దాని బ్యాటరీ దాని పెట్టెలోనే ఉండాలి.

ఫైర్ ప్యానెల్‌కి కరెంటు ఎక్కడినుంచి తీయాలి?

మెయిన్ బోర్డు నుంచి విడిగా ఒక ఎంసీబీ, ఇంకేదీ దాని మీద ఉండకూడదు. ఎర్ర అక్షరాలతో ఫైర్ అలారం, ఆపవద్దు అని రాసి ఉండాలి, ఒడియాలోనూ తెలుగులోనూ. ఒక లాడ్జీలో ప్యానెల్‌ని రిసెప్షన్ ప్లగ్గులో పెట్టారు. ఎవరో ఫోన్ చార్జర్ కోసం అది పీకారు. ప్యానెల్ బీప్ కొట్టింది, చిరాకేసి బజర్ ఆపేశారు, బ్యాటరీ ఒకటిన్నర రోజు నడిచి పడుకుంది. నేను వెళ్లేసరికి ప్యానెల్ మీద ఒక్క లైటూ లేదు, పై రెండు అంతస్తుల నిండా పెళ్లివాళ్లు.

ప్యానెల్‌లో 24 వోల్టులు ఉన్నాయి కదా, లాక్‌కి అక్కడినుంచే తీసుకుంటే?

వద్దు. పైన వేసిన బ్యాటరీ లెక్క మొత్తం తప్పిపోతుంది. పావు ఆంపియర్ తీసుకునే ఒక్క లాక్ 24 గంటల్లో 6 ఏహెచ్ తినేస్తుంది, అంటే ప్యానెల్ తన కాపలాకి తీసుకునేదాని కంటే ఎక్కువ. లాక్‌లకి సప్లై వేరే, ప్యానెల్ నుంచి వచ్చేది రిలే లింకు మాత్రమే.

ఎఫ్‌ఆర్‌ఎల్‌ఎస్ వైరు వేశాం, అగ్గిలో కూడా పనిచేస్తుంది కదా?

పనిచేయదు. ఈ అపోహ ఎలక్ట్రీషియన్లలో కూడా ఉంది. ఎఫ్‌ఆర్‌ఎల్‌ఎస్ అంటే ఆ వైరు మంటని పాకనివ్వదు, పొగ తక్కువ ఇస్తుంది, అంతవరకే, తను మాత్రం కాలిపోతుంది. మంటలో కూడా కరెంటు మోసేది ఫైర్ సర్వైవల్ కేబుల్, రాగి చుట్టూ మైకా టేపు ఉంటుంది. బ్రిటిష్ ప్రమాణం బీఎస్ 6387 సీడబ్ల్యూజడ్ అని రాసి ఉన్నదాన్ని 950 డిగ్రీల మంటలో మూడు గంటలు పరీక్షిస్తారు, నీళ్లు పోసి చూస్తారు, దెబ్బలు కొట్టి కూడా చూస్తారు. ఖరీదు ఎక్కువే. అన్నిటికీ అక్కర్లేదు. మ్యాగ్నెట్ లాక్ వైరు కాలితే తలుపు తెరుచుకుంటుంది, మనకి కావాల్సిందీ అదే. హూటర్ వైరు కాలితే హూటర్ మూగబోతుంది, కాబట్టి దానికి, ఫైర్ పంపుకి సర్వైవల్ కేబులే వేయండి.

ఫైర్ పంపు కరెంటు?

ఫైర్ ఇంజిన్‌వాళ్లు రాగానే బిల్డింగ్ మెయిన్ ఆపమంటారు. అది ఆపినా పంపు తిరగాలి, అంటే పంపు లైను మెయిన్ స్విచ్‌కి ముందే విడిపోవాలి. డీజిల్ పంపు ఉంటే దాన్ని స్టార్ట్ చేసే బ్యాటరీని కూడా చూసుకోండి, నేను చూసినవాటిలో ఎక్కువ చోట్ల పడుకునేది అదే.

పిడుగు పడి బోర్డులు పోతున్నాయి, ఏం చేయాలి?

రాయగడ, కోరాపుట్ కొండల వైపు ఏప్రిల్ నుంచి ఇదే గోల. పిడుగుపాటుని ఒడిశా ప్రభుత్వం రాష్ట్ర విపత్తుగా గుర్తించిందంటే ఇక్కడ ఎంత నష్టం జరుగుతోందో అర్థం చేసుకోవచ్చు. మెయిన్ బోర్డులో సర్జ్ ప్రొటెక్టర్ (ఒక్కసారిగా వచ్చే ఎక్కువ వోల్టేజీని ఎర్త్‌లోకి పంపేది) పెట్టండి. కానీ ఎర్తింగ్ సరిగ్గా లేకపోతే అది వట్టి డబ్బా. ఎండాకాలంలో రాతినేల ఎండిపోయి ఎర్త్ పనిచేయదు, గుంటలో నీళ్లు పోయించండి, కొలిపించండి. ఒక బ్లాకు నుంచి ఇంకో బ్లాకుకి బయటినుంచి వైరు వేలాడదీస్తే రెండు చివర్లా ప్రొటెక్టర్ కావాలి, లేదా ఆ ముక్క వరకు ఫైబర్ వేయండి.

బరంపురం, గోపాల్‌పూర్ వైపు సమస్య వేరు, ఉప్పుగాలి. టెర్మినళ్లు పచ్చగా చిలుము పట్టి లూజు అవుతాయి. మ్యాగ్నెట్ ముఖం మీద తుప్పు వస్తే పట్టు తగ్గుతుంది, మెత్తటి గుడ్డతో తుడవాలి, ఉప్పుకాగితంతో రుద్దొద్దు, పైపూత పోతుంది.

కార్డు పెట్టి తెరిచాక స్ట్రైక్ ఒక్కోసారి తెరుచుకునే ఉండిపోతోంది. కంట్రోలర్ మార్చాలా?

ముందు డయోడ్ (కరెంటుని ఒకవైపే పోనిచ్చే చిన్న భాగం) ఉందో లేదో చూడండి. తాళం లోపల ఉండేది తీగచుట్ట, కరెంటు ఆపినప్పుడల్లా అది వెనక్కి పెద్ద వోల్టేజీ కొడుతుంది, రిలే కాంటాక్టులు కాలి అతుక్కుపోతాయి. స్ట్రైక్ దగ్గరే ఒక 1ఎన్4007 డయోడ్ వేయండి, గీత ఉన్న వైపు ప్లస్‌కి. రూపాయల్లో పని. అది లేక వేల రూపాయల కంట్రోలర్లు మార్చినవాళ్లు నాకు తెలుసు. మ్యాగ్నెట్ లాక్‌లలో చాలావాటికి లోపలే రక్షణ ఉంటుంది, దానితో వచ్చిన కాగితం చూసి వేయండి, అక్కర్లేని చోట డయోడ్ వేస్తే తలుపు వదలడం కాస్త ఆలస్యమవుతుంది.

టెస్టు ఎన్నాళ్లకోసారి, ఎలా?

నెలకోసారి, పావుగంట పని. మెయిన్ కరెంటు ఆపండి, బ్యాటరీలు మాత్రం తీయొద్దు. తలుపులు పట్టుకుని ఉన్నాయా చూడండి. ఇప్పుడు ఎర్ర డబ్బా నొక్కి అలారం ఇవ్వండి. ప్రతి తలుపు దగ్గరికి మనిషి వెళ్లి చేత్తో నెట్టి చూడాలి, స్క్రీన్ మీద ఓపెన్ అని వచ్చింది కదా అని సరిపెట్టుకోవద్దు. తర్వాత ఒక్కో ఆకుపచ్చ డబ్బా. ఆరు నెలలకోసారి మెయిన్ అలాగే ఆపి ఉంచి బ్యాటరీ ఎన్ని గంటలు నిలిచిందో టైము రాసుకోండి, పోయినసారి కంటే బాగా తగ్గితే మార్చేయండి.

ఈ టెస్టు మీ వాచ్‌మన్‌తోనే చేయించండి, ఎందుకంటే రాత్రి రెండింటికి అక్కడ ఉండేది అతనే. గుణుపురం వైపు వాచ్‌మన్లలో సవర మాట్లాడేవాళ్లు ఉంటారు, తెలుగు చదవరు, ఒడియా కూడా కొందరికి కష్టం. అక్షరాలకి బదులు బొమ్మ గీసి అంటించండి, తలుపు, బాణం, చేయి. మేం ఒక హాస్టల్లో అలా చేసి, అక్కడి వాచ్‌మన్ అన్న చేత మూడుసార్లు నొక్కించి చూశాం. మూడోసారి ఆయన మమ్మల్ని అడక్కుండానే వెనక తలుపు దగ్గరికి వెళ్లి నెట్టి చూసి వచ్చాడు.